పూరణ బాగుంది, జవాబేదీ?

డిబేట్ అయిపోగానే అందరూ అడిగేది ఒకటే: ఎవరు గెలిచారు? దానికి జవాబు చెప్పేముందు, దేంట్లో గెలిచారు అని అడగాలి. మాట తీరులోనా, తడబడకుండా నిలబడటంలోనా, ఎదుటివాణ్ణి నవ్వుతూ దెబ్బ కొట్టడంలోనా, అడిగినదానికి జవాబు చెప్పడంలోనా? ఈ నాలుగూ ఒకటి కావు. ఇంకా చెప్పాలంటే మొదటి మూడూ ఎంత బాగా వస్తే, నాలుగోది లేదన్న సంగతి అంత తేలిగ్గా మరుగున పడిపోతుంది.

ఒక డిబేట్‌ని నాటకాన్ని సమీక్షించినట్టు సమీక్షించాలని చాలా రోజులుగా ఉంది. అందుకు నేను ఎంచుకున్నది 2024 అక్టోబర్ 1న న్యూయార్క్‌లో సీబీఎస్ చానల్ నడిపిన అమెరికా ఉపాధ్యక్ష అభ్యర్థుల చర్చ. ఒకవైపు జేడీ వాన్స్, ఇంకోవైపు మినసోటా గవర్నర్ టిమ్ వాల్జ్. మనకది అక్టోబర్ 2 పొద్దున్న ఆరున్నర, గాంధీ జయంతి సెలవు. అధ్యక్ష అభ్యర్థుల చర్చలు వదిలేసి ఉపాధ్యక్షులది ఎందుకంటే, రెండు కారణాలున్నాయి.

మొదటిది, ఉపాధ్యక్ష అభ్యర్థి పని విచిత్రమైనది. అతను తన మాటల్ని కాదు, తన నాయకుడి మాటల్ని సమర్థించాలి. వాదన కళ అచ్చంగా బయటపడేది అక్కడే. రెండోది, వాన్స్ మనకు 'అల్లుడు'. భార్య ఉష చిలుకూరి తెలుగు తల్లిదండ్రులకు కాలిఫోర్నియాలో పుట్టిన అమ్మాయి. 2024 జులైలో వాన్స్ పేరు ప్రకటించగానే తణుకు దగ్గర వడ్లూరులో సంబరాలు జరిగాయి, మన చానళ్ళు 'తెలుగింటి అల్లుడు' అని స్క్రోలింగులు వేశాయి. నేనుండే తిరువూరులోనూ అదే మాట. ఇది తెలంగాణ సరిహద్దున, మామిడి తోటల మధ్య ఉన్న ఊరు. ఇంటికొకరు కాకపోయినా వీధికొకరు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నారు. డిబేట్ ముక్కలు వాట్సాప్‌లోకి వచ్చాక మా వీధి బాబాయ్ ఒకాయన నాతో అన్నమాట: "ఎంత నెమ్మదిగా మాట్లాడాడ్రా అబ్బాయి! మనింటి పిల్లాడిలాగే ఉన్నాడు." ఆయన కొడుకు హెచ్‌-1బీ మీద ఉన్నాడు. ఈ సంగతి తర్వాత అవసరమవుతుంది.

*

ముందు ప్రదర్శన గురించి. దాన్ని తక్కువ చేసి చెప్పడం అన్యాయం.

స్టూడియోలో ప్రేక్షకులు లేరు. రెండు పోడియాలు, ఎదురుగా నోరా ఓడానల్, మార్గరెట్ బ్రెనన్ అనే ఇద్దరు మోడరేటర్లు. ఒక్కో ప్రశ్నకు రెండు నిమిషాల జవాబు, రెండు నిమిషాల ప్రతిస్పందన, తర్వాత ఒక్కో నిమిషం. మొదటి ప్రశ్న ఇరాన్ మీద. ఆ రోజే ఇరాన్ ఇజ్రాయెల్ మీద క్షిపణులు వదిలింది. ఇజ్రాయెల్ ముందుగా దాడిచేస్తే మీరు సమర్థిస్తారా అన్నది ప్రశ్న. వాల్జ్ మొదలుపెడుతూనే తడబడ్డాడు. ఇరాన్‌ని ఇజ్రాయెల్ అన్నాడు. కళ్ళు పెద్దవయ్యాయి, మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వాన్స్ తన వంతు రాగానే తొందరపడలేదు. ముందు తనెవరో చెప్పుకున్నాడు. పేదరికం, అమ్మమ్మ పెంపకం, సైన్యం, చదువు. 2016లో 'హిల్‌బిల్లీ ఎలిజీ' అనే ఆత్మకథ రాసి పేరు తెచ్చుకున్న మనిషి అతను. ఏ వివరం ఎక్కడ ఆపాలో తెలుసు. కథ చెప్పాకే ప్రశ్న దగ్గరికొచ్చాడు, అది ఇజ్రాయెల్ తేల్చుకోవాల్సిన విషయమని క్లుప్తంగా చెప్పి ముగించాడు.

ఆ తర్వాత గంటన్నరా అదే తీరు. గొంతు పెంచలేదు. వాల్జ్ తన పదిహేడేళ్ళ కొడుకు కాల్పుల ఘటనను కళ్ళారా చూశాడని చెప్పినప్పుడు వాన్స్ ఆగి, నాకీ సంగతి తెలియదు, బాధగా ఉందన్నాడు. పిల్లల సంరక్షణ గురించి అడిగితే లాయరైన భార్యను పొగిడాడు. అంతకుముందు నెలల్లో టీవీల్లో కనిపించిన కరకు వాన్స్ ఆ రాత్రి కనిపించలేదు. వాల్జ్ మాత్రం ఒకచోట స్కూళ్ళలో కాల్పులు జరిపినవాళ్ళతో స్నేహం చేశానన్న అర్థం వచ్చేట్టు నోరు జారాడు. ఆయన చెప్పదలుచుకున్నది బాధిత కుటుంబాల గురించి.

సుమారు 4 కోట్ల 30 లక్షలమంది చూశారు. సీబీఎస్ వెంటనే చేసిన సర్వేలో వాన్స్ గెలిచాడన్నవాళ్ళు 42 శాతం, వాల్జ్ అన్నవాళ్ళు 41, సమానమన్నవాళ్ళు 17. సీఎన్‌ఎన్ సర్వేలో 51, 49. అంకెలు పక్కపక్కనే ఉన్నా, విశ్లేషకుల్లో ఎక్కువమంది తీర్పు ఒకటే: వాన్స్ ప్రదర్శన మెరుగు. అది నిజమే, నేనూ ఒప్పుకుంటాను. టీవీ డిబేట్లలో నేను చూసిన అతి నున్నని ప్రదర్శనల్లో అదొకటి. నా పేచీ 'మెరుగు' అన్న మాటతో.

*

మన కృష్ణా జిల్లా వాళ్ళకు ప్రదర్శనని తూచడం కొత్త కాదు. పద్యనాటకం చూసిన తరం ఇంకా ఉంది. 'పాండవోద్యోగ విజయాలు' నాటకంలో రాయబారం సీను ఏమిటి? నిండు సభలో జరిగే చర్చే కదా. ఒక దూత, ఎదురుపక్షం, తీర్పు చెప్పాల్సిన పెద్దలు. అయిదూళ్ళయినా ఇవ్వమని ఒకరు, సూదిమొన మోపేంత కూడా ఇవ్వమని ఇంకొకరు. పీసపాటి నరసింహమూర్తి లాంటి కృష్ణుడు పద్యం ఎత్తుకున్నాడంటే జనం రాగానికి ఊగిపోయి 'వన్స్‌మోర్' అనేవారు. కృష్ణుడు పాత్ర వదిలి, అదే పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ పాత్రలోకి వెళ్ళేవాడు. ఎవరికీ అభ్యంతరం లేదు. ఎందుకంటే సంధి కుదరదనీ, యుద్ధం జరుగుతుందనీ అందరికీ ముందే తెలుసు. ఫలితం తెలిసిన చర్చలో మిగిలేది గొంతే.

డిబేట్‌ని మనం చూసేది కూడా ఇలాగే. ఓటు ఎవరికో చాలామంది ముందే తేల్చుకుని ఉంటారు. కాబట్టి వాదన వినరు, గమకం వింటారు. వాట్సాప్‌లో క్లిప్పు ఫార్వర్డ్ చేయడం మనకాలపు వన్స్‌మోర్. దీన్ని నేను తప్పుపట్టను. గొంతునీ నిలకడనీ పట్టుకోవడం కూడా తెలివే. కష్టకాలంలో ఈ మనిషి వణుకుతాడా నిలబడతాడా అన్నది ఓటరుకు తెలియాల్సిన విషయమే. కానీ రాయబారం రాసినవాళ్ళే మన చేతికి ఇంకో తూకం కూడా ఇచ్చారు. దాన్ని మాత్రం మనం అటక మీద పెట్టేశాం.

ఆ నాటకం రాసింది తిరుపతి వేంకట కవులు, అంటే దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి. అవధానాన్ని ఊరూరా తిప్పి జనంలోకి తెచ్చిందీ వాళ్ళే. అవధానం కూడా ప్రశ్నోత్తరాల ప్రదర్శనే. కాకపోతే అక్కడ కేంద్రం అవధాని ఒక్కడే కాదు. ప్రతి అంశానికీ ఒక పృచ్ఛకుడుంటాడు. ప్రశ్న అతనిది. జవాబు కుదిరిందా లేదా అన్నది కూడా అతనే ముందు చెప్పాలి. అవధాని ఎంత తియ్యగా పాడినా, ఇచ్చిన పదం పద్యంలో పడకపోతే దత్తపది పృచ్ఛకుడు ఊరుకోడు. సభ చప్పట్లు కొట్టినా ఊరుకోడు.

వాన్స్ ప్రదర్శనని ఈ రెండో తూకంలో వేసి చూద్దాం.

*

సమస్యాపూరణం అందరికీ తెలిసిందే. పృచ్ఛకుడు పద్యంలో ఆఖరి పాదం ఇస్తాడు. అది అసంబద్ధంగానో అనుచితంగానో ఉంటుంది. అవధాని ముందు మూడు పాదాలు కట్టి, ఆ ఆఖరి పాదానికి సవ్యమైన అర్థం వచ్చేట్టు చేస్తాడు. పాదం మారదు, దాని చుట్టూ లోకం మారుతుంది. వినేవాళ్ళు అబ్బా అంటారు.

ఆ రాత్రి వాన్స్ చేసిందంతా సమస్యాపూరణమే. ఆఖరి పాదాలు ట్రంప్ ఇచ్చినవి. ఆరోగ్య బీమా విషయం చూడండి. ఒబామాకేర్ చట్టాన్ని రద్దుచేయాలని ట్రంప్ ప్రభుత్వం 2017లో శతవిధాలా ప్రయత్నించింది. సెనేట్‌లో జాన్ మెకెయిన్ వ్యతిరేక ఓటుతో అది ఆగిపోయింది. వాన్స్ పూరణ ఏమిటంటే, కూలిపోతున్న ఆ చట్టాన్ని ట్రంపే నిలబెట్టాడని. ఇంకోటి, 2021 జనవరి 6. పార్లమెంటు భవనం మీద గుంపు దాడిచేసిన రోజు. దానికి వాన్స్ కట్టిన పాదాలు: శాంతియుతంగా నిరసన తెలపమన్నాడు, జనవరి 20న అధికారం శాంతియుతంగా అప్పగించాడు. రెండు తేదీల మధ్య ఉన్న పద్నాలుగు రోజుల్ని అంత తేలిగ్గా దాటడం మామూలు నేర్పు కాదు.

దత్తపది కూడా ఉంది. ఏ అంశం అడిగినా జవాబులో కమలా హారిస్ పేరు పడాలి, మూడున్నరేళ్ళుగా ఆమే అధికారంలో ఉందన్న మాట పడాలి. ఇళ్ళ ధరలైనా, సరిహద్దయినా, వాతావరణమైనా ఆ పదాలు ఎక్కడో ఒకచోట చక్కగా ఒదిగాయి.

ఇక అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది నిషిద్ధాక్షరి. మామూలుగా పృచ్ఛకుడు అక్షరాలు నిషేధిస్తాడు, అవధాని వాటిని తప్పించుకుంటూ పద్యం నడుపుతాడు. ఇక్కడ నిషేధం స్వపక్షం నుంచే ఉంది. నిషిద్ధమైన మాట ఒకే ఒక్కటి: 'ఓడిపోయాడు'. 2020 ఎన్నికలో ట్రంప్ ఓడిపోయాడు అన్న మాట ఆ నోట రాకూడదు. గంటన్నర చర్చలో దాదాపు చివరిదాకా వాన్స్ ఆ మాట దరిదాపులకు రాకుండా నడిచాడు. అప్పుడు వాల్జ్, రాత్రంతా తడబడిన ఆ వాల్జ్, నేరుగా వాన్స్ వైపు తిరిగి అడిగాడు: 2020 ఎన్నికలో ఆయన ఓడిపోయాడా? వాన్స్ తన దృష్టి భవిష్యత్తు మీద ఉందన్నాడు. ఆ వెంటనే కోవిడ్ రోజుల్లో సోషల్ మీడియా సెన్సార్‌షిప్ గురించి ఎదురుప్రశ్న వేశాడు. ఇది జవాబు కాదనీ, జవాబివ్వకపోవడమే అన్నీ చెబుతోందనీ వాల్జ్ అన్నాడు.

ఆ రాత్రి అసలైన పృచ్ఛకుడు ఆ ఒక్క నిమిషంలోనే కనిపించాడు. అవునో కాదో తప్ప మూడో మాటకు చోటులేని ప్రశ్న అది. పూరణకు ఒక్క పాదం కూడా ఖాళీ వదల్లేదు. వాన్స్ ఎంత నేర్పరో, ఆ నేర్పు దేనికోసమో ఒకేసారి తెలిసిపోయింది. రెండు వారాల తర్వాత, అక్టోబర్ 16న, పెన్సిల్వేనియాలో విలేకరులు మళ్ళీ అదే అడిగితే అతను చెప్పినదాని సారం, నేను వాడే మాటల్లో అయితే ఓడిపోలేదు అని. నిషిద్ధాక్షరి ఆడుతున్నానని ఆటగాడే చెప్పుకున్నట్టుంది.

సాహిత్యంలో ఈ నేర్పుకు నేను లేచి నిలబడి చప్పట్లు కొడతాను. సమస్య అబద్ధమైనా పర్వాలేదు, అది ఆట అని సభకంతటికీ తెలుసు. పాలించబోయేవాడు అదే నేర్పు చూపిస్తే భయపడాలి. అసంబద్ధమైన పాదాన్ని ఎవరు ఇచ్చినా సవ్యంగా వినిపించగల మనిషి, రేపు అంతకన్నా అసంబద్ధమైన పాదాన్ని కూడా వినిపించగలడు. కాబట్టి పూరణ ఎంత బాగుంటే మార్కులు అంత తగ్గాలి. సాహిత్య విమర్శలో లేని ఈ తలకిందుల లెక్కని రాజకీయ ప్రసంగ విమర్శలోకి తెచ్చుకోవాలని నా వాదన.

వాల్జ్‌ని వదిలేయడం లేదు. 1989లో చైనాలో తియానన్మెన్ కాల్పులప్పుడు తను హాంకాంగ్‌లో ఉన్నానని ఆయన గతంలో చెప్పుకున్నాడు. ఆ ఏడాది ఆయన అటు వెళ్ళింది ఆగస్టులో అని తేలింది. బ్రెనన్ దాని గురించి అడిగితే, తను పెరిగిన చిన్న ఊరు, సైకిల్ తొక్కిన రోజులు, టీచరుగా పిల్లల్ని చైనా తీసుకెళ్ళిన సంగతులు చెప్పి, అప్పుడప్పుడూ మొద్దులా మాట్లాడతానన్నాడు. అదీ పూరణే, కాకపోతే నాసిరకం. బ్రెనన్ వదల్లేదు. ప్రశ్న మళ్ళీ అడిగింది. అప్పుడు తప్పు చెప్పానని ఒప్పుకున్నాడు. రెండోసారి అడిగేసరికి జవాబు వచ్చింది. పృచ్ఛకుడి విలువ అదే.

*

ఇప్పుడు బాబాయ్ కొడుకు సంగతి.

డిబేట్‌లో వలసల ప్రస్తావన వచ్చినప్పుడు వాన్స్ ఒహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డ్ గురించి మాట్లాడాడు. అక్రమ వలసదారుల వల్ల అక్కడి బడులు, ఆస్పత్రులు కిక్కిరిసిపోయాయన్నాడు. అంతకు మూడు వారాల ముందే ఆ ఊరి హైతీ వాళ్ళు పెంపుడు జంతువుల్ని తింటున్నారన్న ఆధారంలేని మాటని అతనూ, అధ్యక్ష చర్చలో ట్రంపూ దేశమంతా వినిపించారు. వాన్స్ ముగించాక బ్రెనన్ ఒక వాక్యం చేర్చింది: స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉన్న హైతీ వలసదారుల్లో చాలామందికి చట్టబద్ధమైన హోదా ఉంది. రాత్రంతా చిరునవ్వు చెదరని వాన్స్ అప్పుడు కాస్త చిరాకుపడ్డాడు. మీరు ఫ్యాక్ట్ చెక్ చేయకూడదన్నది నియమం కదా అన్నాడు. ఆ హోదా ఎలా వస్తుందో వివరిస్తూ పోయాడు. చివరికి మైకులు కట్ చేశారు.

ఈ అరనిమిషం మన క్లిప్పుల్లో పెద్దగా తిరగలేదు. తిరగాల్సింది. మన ఊళ్ళ నుంచి వెళ్ళినవాళ్ళ ధైర్యమంతా ఒకే గీత మీద నిలబడి ఉంది. "మావాడు లీగల్‌గా వెళ్ళాడు, ఆ గొడవ మనది కాదు" అంటారు తల్లిదండ్రులు. ఆ గీత ఎవరు గీస్తారు? డిబేట్‌కి రెండు వారాల ముందు నార్త్ కరొలైనాలో వాన్స్, ప్రభుత్వం కాగితం ఇచ్చినా సరే హైతీ వాళ్ళని అక్రమ వలసదారులనే పిలుస్తానన్నాడు. అంటే గీత కాగితంలో లేదు, పిలిచేవాడి నోట్లో ఉంది. డిబేట్‌లో ఆ నోరు ఎంత తియ్యగా ఉందన్నది కాదు తూచాల్సింది, ఏ మాటకు ఏ అర్థం కడుతోందన్నది. 2025 సెప్టెంబర్ 19న ట్రంప్ కొత్త హెచ్‌-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు తిరువూరులోనూ ఫోన్లు మోగాయి. వీసా ఉన్నవాళ్ళు విమానం ఎక్కాలా వద్దా అని రాత్రంతా మథనపడ్డారు. ఆ రుసుముకీ స్ప్రింగ్‌ఫీల్డ్‌కీ నేరుగా లంకె ఉందని నేను అనను. కానీ చట్టబద్ధమైన వలస కూడా ఒక్క సంతకంతో ఖరీదైపోగలదన్నది ఆ రాత్రి వినగలిగినవాళ్ళకు వినిపించే ఉంటుంది. అల్లుడి మర్యాద చూసి మురిసిపోతున్న మనకి వినిపించలేదు.

*

అవధానంలో అప్రస్తుత ప్రసంగం అని ఇంకో అంశముంది. అవధాని ఏకాగ్రత చెదరగొట్టడానికి ఒక పృచ్ఛకుడు సంబంధంలేని ప్రశ్నలు వేస్తుంటాడు. దానికి చమత్కారంగా తిప్పికొడితే చాలు. ప్రమాదమెక్కడంటే, ప్రస్తుతమైన ప్రశ్నని అప్రస్తుతంగా మార్చి చమత్కారంతో తోసేయడంలో. 1984 అక్టోబర్ 21న కాన్సస్ సిటీలో రొనాల్డ్ రీగన్ చేసింది అదే. ఆయనకు 73 ఏళ్ళు. అంతకుముందు చర్చలో తడబడ్డాడు. హెన్రీ ట్రూయిట్ అనే జర్నలిస్టు సూటిగా అడిగాడు: క్యూబా సంక్షోభంలో కెనడీ రోజుల తరబడి నిద్రలేకుండా పనిచేయాల్సి వచ్చింది, మీరు చేయగలరా? ఈ ఎన్నికలో వయసుని వివాదం చేయననీ, నా ప్రత్యర్థి చిన్నవయసునీ అనుభవలేమినీ రాజకీయంగా వాడుకోననీ రీగన్ అన్నాడు. హాలంతా నవ్వింది. 56 ఏళ్ళ ప్రత్యర్థి వాల్టర్ మాండేల్ కూడా నవ్వాడు. ప్రశ్న ఆ నవ్వులో మునిగిపోయింది. టీవీ డిబేట్ల చరిత్రలో గొప్ప క్షణమని ఇప్పటికీ చూపిస్తారు. ప్రదర్శనగా గొప్పదే. కానీ అడిగిన ప్రశ్నకు జవాబు అందులో లేదు. అదే ప్రశ్న 2024 జూన్ 27న అట్లాంటాలో జో బైడెన్ ముందు నిలబడింది. చమత్కారం రాలేదు. జులై 21న ఆయన పోటీ నుంచి తప్పుకున్నాడు. వయసు గురించి అడగాల్సిన ప్రశ్న రెండుసార్లూ ఒకటే. ఒకసారి ప్రదర్శన దాన్ని దాచింది, ఒకసారి బయటపెట్టింది. రెండుసార్లూ దాన్ని తేల్చింది ప్రదర్శనే.

టీవీ డిబేట్‌లో లేని అంశం ఇంకొకటుంది: ధారణ. అవధానం చివర అవధాని తను పూరించిన పద్యాలన్నీ వరసగా అప్పజెబుతాడు. ఎవరు ఏమడిగారో, దానికి ఏం వచ్చిందో సభ మొత్తం మరోసారి వింటుంది. డిబేట్ చివర ఏముంటుంది? ముగింపు ప్రసంగం. ముందే కంఠస్థం చేసుకొచ్చింది, ఆ రాత్రి అడిగిన ఏ ప్రశ్నతోనూ సంబంధం లేనిది. ధారణకు సరిగ్గా విరుద్ధం. ముగింపు ప్రసంగాల బదులు మోడరేటర్ ప్రతి ప్రశ్ననీ మళ్ళీ చదివి, అభ్యర్థి ఒక్క వాక్యంలో తన జవాబు చెప్పాలన్న నియమం పెడితే ఎలా ఉంటుంది? వాన్స్ ఆ పది నిమిషాలు ఎలా గడిపేవాడో ఊహించుకోండి. వాల్జ్ కూడా.

*

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అనొచ్చు. మన దగ్గర పరిస్థితి ఇంకా చిత్రం. మనకి సవాలు ఉంది, చర్చ లేదు. "దమ్ముంటే చర్చకు రా" అన్నది మన రాజకీయాల్లో ఒక స్వతంత్ర ప్రక్రియ. సవాలు విసరడంతోనే అది పూర్తవుతుంది. 2024 మేలో రిటైర్డ్ న్యాయమూర్తులు మదన్ లోకుర్, ఏపీ షా, పాత్రికేయుడు ఎన్.రామ్ కలిసి ప్రధాని మోదీనీ, రాహుల్ గాంధీనీ బహిరంగ చర్చకు పిలిచారు. రాహుల్ వస్తానన్నారు. ఆ చర్చ జరగలేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో ముఖ్యమంత్రి పదవికి పోటీపడే ఇద్దరు ఒకే బల్ల ముందు కూర్చుని, ఒకే ప్రశ్నకు చెరో జవాబు చెప్పిన సన్నివేశం నేనెప్పుడూ చూడలేదు.

మనకి ఉన్నది స్టూడియో చర్చ. దాని నుంచి నేరుగా ఎమ్మెల్యే వచ్చిన నియోజకవర్గం మాది. కొలికపూడి శ్రీనివాసరావు అమరావతి ఉద్యమం తరఫున చానళ్ళలో వాదించి రాష్ట్రమంతా తెలిసిన మనిషి. 2021 ఫిబ్రవరిలో ఏబీఎన్ ప్రత్యక్ష ప్రసారంలో, మాటామాటా పెరిగి, బీజేపీ నాయకుడు విష్ణువర్ధన్ రెడ్డిని చెప్పుతో కొట్టారు. 2024లో తెలుగుదేశం టికెట్ మీద తిరువూరులో గెలిచారు. ఆ చెప్పు వల్లే గెలిచారని నేననను. కూటమికి 175లో 164 సీట్లు వచ్చిన ఎన్నిక అది, గాలే వేరు. నా ఆసక్తి ఆ క్లిప్పు మీద. అది మొదలయ్యేది దెబ్బకు కొన్ని క్షణాల ముందు. ముగిసేది గోలతో. ఆ రోజు అడిగిన ప్రశ్న, చెప్పిన జవాబు రెండూ అందులోంచి రాలిపోయాయి. కొందరికి అది పౌరుషం, కొందరికి అది దౌర్జన్యం. ఇద్దరూ తూచింది ప్రదర్శననే. వాన్స్ మర్యాద చూసి మురిసినవాళ్ళూ, ఈ చెప్పు చూసి మురిసినవాళ్ళూ నాకు ఒకే వరసలో కనిపిస్తారు. ఒకరికి మెత్తని గొంతు నచ్చింది, ఇంకొకరికి గట్టి చెయ్యి నచ్చింది. ప్రశ్న ఏమైందని ఇద్దరూ అడగలేదు.

ఆ స్టూడియోల్లో పృచ్ఛకుడు ఉండడు. యాంకర్ ఉంటాడు. చాలాసార్లు అతనే ఒక పక్షం, చానలే ఒక పార్టీ. నాయకుడు తన చానల్‌కి వెళ్ళి తనకు నచ్చిన ప్రశ్నలకు జవాబు చెబుతాడు. ఇది అవధానం కాదు, పృచ్ఛకుల్ని వెంట తెచ్చుకున్న అవధాని సన్మానం.

అమెరికాలో 1992 అక్టోబర్ 15న రిచ్‌మండ్‌లో ఒక మామూలు పౌరురాలు లేచి, దేశం అప్పు మీ సొంత జీవితాన్ని ఎలా తాకిందని ముగ్గురు అభ్యర్థుల్ని అడిగింది. అధ్యక్షుడు బుష్‌కి ప్రశ్నే సరిగ్గా అంతుపట్టలేదు. క్లింటన్ ఆమె దగ్గరికి నడిచి, మీ మీద దాని ప్రభావం ఏమిటో చెప్పమని తిరిగి అడిగాడు. ఆ చర్చలో బుష్ గడియారం చూసుకోవడం చరిత్రకెక్కింది. నాకు మాత్రం ఆ నిలబడ్డ మనిషి ముఖ్యం. జర్నలిస్టు కాదు, పండితురాలు కాదు. జవాబు తనకు అవసరం కాబట్టి అడిగింది. క్లింటన్ నడక కూడా ప్రదర్శనే, సందేహం లేదు. కానీ ఆ ప్రదర్శన ప్రశ్న వైపు నడిచింది.

మా నియోజకవర్గంలోనే ఎ.కొండూరు మండలం ఉంది. అక్కడి తండాల్లో ఏళ్ళ తరబడి కిడ్నీ జబ్బుతో మనుషులు చనిపోతున్నారు. భూగర్భజలం మీద అనుమానం ఉంది. కృష్ణా నీళ్ళు తెచ్చి ఇస్తామన్న హామీ ప్రభుత్వాలు మారినా వినిపిస్తూనే ఉంది. వచ్చే ఎన్నికల్లో తిరువూరు అభ్యర్థులందర్నీ ఒక బల్ల ముందు కూర్చోబెట్టి, ఆ తండా నుంచి ఒకరికి మైకు ఇస్తే ఆమె అడిగేది ఒకటే ఉంటుంది: మా ఇంటి కొళాయిలో కృష్ణా నీళ్ళు ఏ నెలలో వస్తాయి? దీనికి ముందు మూడు పాదాలు కట్టడం ఎవరివల్లా కాదు. నెల పేరు చెప్పాలి, లేదా చెప్పలేనని చెప్పాలి. ఆ జవాబు కుదిరిందా లేదా అన్నది ఆమే తేల్చాలి. మనం వన్స్‌మోర్ అనకుండా కాసేపు ఊరుకుంటే చాలు.